కొలువు తాళం ఠాణాలో

విమానాశ్రయ ఉద్యోగానికి చదువుతో పాటు మచ్చలేని పోలీసు రికార్డూ కావాలి. ఎన్నికల కేసుల్లో నలిగే పల్నాడు యువతకు ఆ రికార్డు న్యాయం చేస్తోందా?

విమానాశ్రయంలో కొలువంటే పైలట్, ఎయిర్ హోస్టెస్ అనుకుంటాం. సామాన్లు ఎక్కించే లోడర్లు, కార్గో గుమస్తాలు, క్యాంటీన్ కుర్రాళ్లు, టికెట్ కౌంటర్ సిబ్బంది లేకపోతే ఒక్క విమానమూ కదలదు. పల్నాడు జిల్లా నరసరావుపేటలో డిగ్రీ, డిప్లొమా పూర్తిచేసిన పిల్లలకు అందుబాటులో ఉండేవి ఈ కొలువులే. గన్నవరం విమానాశ్రయం ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. శంషాబాద్ రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే దూరం. అయితే ఇంటర్వ్యూలో నెగ్గినంత మాత్రాన లోపలికి వెళ్లలేరు. పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ నియమాల ప్రకారం ప్రవేశ అనుమతి కార్డు కావాలి. అది రావాలంటే అభ్యర్థి ప్రవర్తన, పూర్వాపరాల మీద పోలీసు విచారణ జరగాలి. అంటే శంషాబాద్ గేటు తెరుచుకోవడం సొంతూరి ఠాణా రాసే నాలుగు వాక్యాల మీద ఆధారపడి ఉంటుంది.

ఈ కట్టుదిట్టం అనవసరమని ఎవరూ అనలేరు. 1985లో కనిష్క విమానంలో పేలిన బాంబు 329 మందిని బలిగొంది. ఆ తర్వాతే, 1987లో, బీసీఏఎస్ స్వతంత్ర శాఖ అయింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికాలో, ఉద్యోగం పోయినా ఐడీ కార్డు తన దగ్గరే ఉన్న ఓ వ్యక్తి తుపాకీతో విమానమెక్కాడు. ఆ విమానం కూలి 43 మంది చనిపోయారు. మన దగ్గరా 2018 అక్టోబరు 25న విశాఖ విమానాశ్రయ లాంజ్‌లో అప్పటి ప్రతిపక్ష నేత జగన్‌మోహన్‌రెడ్డిపై కోడికత్తితో దాడి జరిగింది. నిందితుడు అక్కడి రెస్టారెంట్‌లో పనిచేసేవాడు. కాబట్టి లోపల పనిచేసే ప్రతి మనిషీ ఎవరో, ఎలాంటివాడో తెలిసి తీరాలి.

చిక్కల్లా ఆ తెలుసుకునే పద్ధతిలోనే ఉంది. 2024 మే 13 పోలింగ్ నాటి నుంచి పల్నాడులో చెలరేగిన ఘర్షణలు అందరికీ తెలిసినవే. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టర్‌ను బదిలీ చేసింది. ప్రత్యేక దర్యాప్తు బృందం రంగంలోకి దిగింది. ఇలాంటి కొట్లాట కేసుల ఎఫ్ఐఆర్‌లో ఏ-1, ఏ-2 అని కొన్ని పేర్లుంటాయి, చివర్లో ‘మరికొందరు’ అని ఉంటుంది. ఆ ఒక్క మాటలో ఎవరి పేరైనా తర్వాత చేరవచ్చు. కర్ర పట్టినవాడూ, గొడవ చూడ్డానికి వచ్చినవాడూ, అవతలి వర్గానికి గిట్టని ఇంటివాడూ ఒకే జాబితాలో పడవచ్చు. ఎన్నికల ముందు బైండోవర్లు వేరు. తహసీల్దారు ముందు మంచి నడవడికకు పూచీకత్తు రాయించుకోవడం ముందుజాగ్రత్త చర్యే తప్ప శిక్ష కాదు. కానీ విచారణ నివేదికలో ‘కేసు ఉంది’ అని ఒక్క ముక్క కనబడితే చాలు, ఈ తేడాలేవీ పైకి కనిపించవు. వేరే అభ్యర్థులు వరసలో ఉండగా ఆ దరఖాస్తును పక్కన పెట్టేయడమే కంపెనీకి తేలిక.

భద్రత విషయంలో అనుమానం వస్తే ఆపడమే మేలు, వందలమంది ప్రాణాల కన్నా ఒకరి ఉద్యోగం ఎక్కువా అని అడగవచ్చు. ఎక్కువ కాదు. బాంబులు వేసినవాడికి, కత్తి పట్టినవాడికి ఆ గేటు మూసే ఉండాలి. అయితే నిరాధారంగా ఒక పేరు తోసేసినంత మాత్రాన భద్రత పెరగదు. అందరి మీదా కేసులున్న చోట, కేసు ఉండటం ఎవరు ప్రమాదకారో చెప్పలేదు. కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగితే సరిపోదా అన్నది మరో వాదన. తీర్పు వచ్చేసరికి ఉద్యోగ వయసు దాటిపోతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మధ్యేమార్గం చూపింది. దరఖాస్తులో కేసు దాచడం తప్పని చెబుతూనే, పెండింగులో ఉన్నది చిన్న కేసై, అభ్యర్థి దాన్ని నిజాయితీగా వెల్లడిస్తే, కేసు ఫలితానికి లోబడి నియామకం ఇచ్చే విచక్షణ యాజమాన్యానికి ఉంటుందని చెప్పింది.

ఆ విచక్షణకు పని కల్పించాల్సింది పోలీసు నివేదికే. ఆరోపణ ఏమిటి, ఇతని పాత్ర ఏమిటి, దొరికిన ఆధారమేమిటి, కేసు ఎఫ్ఐఆర్ దగ్గరుందా, చార్జిషీటు దాకా వెళ్లిందా అన్నది అందులో విడివిడిగా రాయాలి. ఆధారం దొరకని పేర్లను దర్యాప్తు అధికారి ఏళ్ల తరబడి మోయించకుండా గడువులోగా తొలగించాలి. కుర్రాళ్లు కేసు దాచకూడదు, ఎందుకంటే దాచడమే పెద్ద తప్పవుతుంది. పిల్లల్ని ముందుకు తోసి జెండాలు పట్టించే నాయకులు వాళ్ల భవిష్యత్తుకు జవాబు చెప్పాలి. ఎవరిని ఎందుకు ఆపామో చెప్పగలిగిన తనిఖీయే ప్రయాణికుడికి ధీమా, అభ్యర్థికి న్యాయం. పల్నాడు పోలీసులు ఆ పద్ధతి మొదలుపెడితే, ఈ జిల్లా పేరు చూసి అనుమానించే యాజమాన్యాలకు అంతకన్నా గట్టి సమాధానం మరొకటి ఉండదు.