తొంబది సెకనుల విద్య
విమాన పరిచారక శిక్షణ: అపోహలు – వాస్తవాలు

ద్వారమునొద్ద చేతులు జోడించి స్వాగతము పలుకువారిగను, పిమ్మట నడవలో అల్పాహారపు బండిని త్రోసికొని వచ్చువారిగను మాత్రమే విమాన పరిచారకులను మనము చూచుచుందుము గనుక, వారి విద్య యంతయు చిరునవ్వులోనే యున్నదని తలచుట సహజమే. కాని ఆ తలపుతోనే తల్లిదండ్రులు ఈ వృత్తిని చులకన చేయుటయు, దానిని కోరు బిడ్డలు అద్దము ముందే సాధన ముగించుటయు నాకు మిక్కిలి బాధ కలిగించును.

అపోహ: ఈ శిక్షణ వడ్డనను, వేషమును నేర్పునది.

వాస్తవం: వడ్డన అందొక అధ్యాయము. 44 కంటె నెక్కువ ఆసనములు గల విమానమునకు ఆమోదము లభింపవలెనన్న, సగము ద్వారములతోనే ప్రయాణికులందరు 90 సెకనులలో వెలువడగలరని నిర్మాతలు నిరూపింపవలెను. ఆ నిరూపణమును ఆపత్కాలమున నిజము చేయవలసినవారు పరిచారకులు. అందుచేతనే వారు బరువైన తలుపును స్వహస్తములతో తెరచి, గాలితో ఉబ్బిన జారుడుబల్లపైకి దుమికి, పొగ నిండిన గదిలో ముసుగు ధరించి దారి వెదకి, కొలనులో తెప్ప నెక్కి అభ్యసింతురు. గుండె ఆగినవానికి ఛాతీ నొక్కుటయు, మండుచున్న సెల్‌ఫోను బ్యాటరీ మంట నార్పి, అది తిరిగి రాజుకొనకుండ నీటితో చల్లార్చుటయు నేర్తురు.

అపోహ: ఎత్తు కొలుచుట అందము కొరకే.

వాస్తవం: రూపమును సంస్థలు బొత్తిగా చూడవని చెప్పజాలను, కాని తలపై అరలలో అగ్నిమాపక, ప్రథమచికిత్సా సాధనములుండును. మునివ్రేళ్లపై నిలిచి 212 సెంటీమీటర్ల ఎత్తు నందుకొనవలెనని ఎమిరేట్స్ సంస్థ విధించిన నియమమునకు అర్థమిదియే.

అపోహ: ఇది స్త్రీలకే తగినది, మాతృత్వముతో ముగియునది.

వాస్తవం: 1912లోనే జర్మనీ జెప్పెలిన్ వాయునౌకలో సేవ చేసిన హైన్రిక్ కుబిస్ పురుషుడు. ఆ పిమ్మటనే, 1930 మే 15న అమెరికాలో తొలి విమాన పరిచారికయైన ఎలెన్ చర్చ్ శిక్షణ పొందిన నర్సు. మన దేశమున తొలి గర్భముతోనే ఉద్యోగము పోవునను నిబంధనను 1981లో నర్గేష్ మీర్జా అను పరిచారిక వ్యాజ్యమున సుప్రీంకోర్టు కొట్టివేసినది.

అపోహ: లక్షలు చెల్లించి ధ్రువపత్రము పొందినచో కొలువు దొరకును.

వాస్తవం: మన దేశమున పదునెనిమిదేండ్లు నిండి, ఇంటర్మీడియెట్ ఉత్తీర్ణులైనవారు అర్హులు. అభ్యర్థిని ఎన్నుకొనిన పిమ్మట, పౌర విమానయాన డైరెక్టరేట్ ఆమోదించిన శిక్షణను విమానసంస్థ ఇప్పించును. ప్రైవేటు సంస్థల పత్రము దానికి బదులు కాజాలదు. కొలువులో చేరిన పిమ్మటను ఏటేట పునఃశిక్షణ తప్పదు.

ఈ శిక్షణ విలువ లోకమునకు తెలిసిన ఘటన యొకటి కలదు. 2024 జనవరి 2న టోక్యో హనేదా విమానాశ్రయమున జపాన్ ఎయిర్‌లైన్స్ విమానము తీరరక్షక విమానముతో ఢీకొనినప్పుడు ఆ చిన్న విమానములో ఐదుగురు అసువులు బాసిరి. మంటలలో చిక్కిన పెద్ద విమానమున ప్రకటనయంత్రము మూగవోయినను, ఎనిమిది ద్వారములలో మూడే పనికివచ్చినను, పరిచారకులు తమ కంఠములతోను, చేతి మైకులతోను దారి చూపగా 379 మందియు ప్రాణములతో బయటపడిరి.

ఈసారి విమానము పైకెగయు వేళ, మీకెదురుగా చిన్న ఆసనములో వీపు నిటారుగా ఆనించి మౌనముగా కూర్చున్న పరిచారికను చూడుడు. తలుపు పిడి ఏ వైపునకు తిరుగునో, మంట ఏ దిక్కున నున్నచో ఏ ద్వారము తెరువరాదో, ఏ మాటలతో కేకవేయవలెనో ఆమె మనసులో వల్లె వేసికొనుచుండును. నేలను తాకువరకు మన ప్రాణములకు కావలి ఆ మౌనమే.