నీడను నిలిపిన విద్య

పసుపు మరక అంటిన బట్టను ఉతికి ఎండలో ఆరవేస్తే ఆ మరక క్రమంగా వెలిసిపోతుందన్న సంగతి మన ఇళ్ళలో అందరూ ఎరిగినదే. వెలుతురు వస్తువుల వర్ణాన్ని మారుస్తుందనే ఈ చిన్న సత్యమే ఛాయాగ్రహణ విద్యకు మూలం. అయితే వెలుతురు చేత బొమ్మ వేయించటం ఒక యెత్తు; వేసిన బొమ్మను ఆ వెలుతురే చెరిపివేయకుండా కాపాడుకోవటం మరొక యెత్తు. ఫోటోగ్రఫీ చరిత్రలో మహామేధావులను సైతం చిరకాలం వేధించినది ఈ రెండవ సమస్యయే.

బింబాన్ని పట్టటం ప్రాచీనులకూ తెలుసు. చీకటి గదికి సన్నని రంధ్రం చేస్తే వెలుపలి దృశ్యం లోపలి గోడమీద తలక్రిందులుగా పడుతుంది. పదకొండవ శతాబ్దంలోనే అరబ్బు పండితుడు ఇబ్న్ అల్ హైతమ్ ఇట్టి రంధ్రం గుండా గ్రహణకాలపు సూర్యబింబాన్ని పరిశీలించాడు. పిమ్మట ఐరోపా చిత్రకారులు ఆ గదిని పెట్టెగా కుదించి, రంధ్రానికి కటకం అమర్చి, పడిన బింబం వెంబడి గీతలు గీసుకునేవారు. కెమేరా అనే మాటకు లాటిను భాషలో గది అనియే అర్థం.

1802లో ఇంగ్లండులో టామస్ వెడ్జ్‌వుడ్, హంఫ్రీ డేవీ అనే ఇద్దరు మిత్రులు ఒక ప్రయోగ వృత్తాంతాన్ని ప్రకటించారు. వెండి లవణం పూసిన కాగితంమీద ఆకులను, పురుగుల రెక్కలను ఉంచి ఎండకు పెడితే వాటి ఆకృతులు చక్కగా ఏర్పడినవి. కాని ఆ బొమ్మలను పగటివేళ బయటకు తీస్తే కాగితం యావత్తూ నల్లబడేది. కొవ్వొత్తి వెలుగులో తొంగిచూడటం తప్ప వేరు గతి లేకపోయింది. చేతికి చిక్కిన బొమ్మను నిలుపుకోలేకపోవటం కంటె పరిశోధకునకు వేరే దుఃఖమేమున్నది?

1827 ప్రాంతంలో ఫ్రెంచివాడైన నీసెఫోర్ నియెప్స్ తన ఇంటి కిటికీనుండి కనిపించే దృశ్యాన్ని, తారు వంటి పదార్థం పూసిన లోహపు పలకమీద చిరస్థాయిగా నిలుపగలిగాడు. ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా ఆ పలకకు వెలుగు సోకవలసి వచ్చింది. అతని భాగస్వామి డాగేర్ రూపొందించిన పద్ధతిని 1839 ఆగస్టు 19న పారిస్‌లో లోకానికి వెల్లడించారు. అదే కాలంలో ఇంగ్లండులో టాల్బట్ కాగితంమీద నెగెటివ్ తీసి, దానినుండి ఎన్ని ప్రతులైనా తీసే మార్గాన్ని కనుగొన్నాడు. అయినా నిలుపుట అనే సమస్యకు చక్కని పరిష్కారం చూపినవాడు జాన్ హెర్షెల్. హైపో అనే లవణం వెండి లవణాలను కరిగిస్తుందని ఆయన 1819లోనే గుర్తించాడు. వెలుగు సోకని లవణాన్ని దానితో కడిగివేస్తే, ఇక నల్లబడటానికి ఏమీ మిగలదు. ఇరవై యేండ్లు పుస్తకాలలో నిద్రించిన ఆ జ్ఞానం 1839లో ఫోటోగ్రఫీకి ప్రాణం పోసింది.

మన నేలమీద ఈ విద్యకు కీర్తి తెచ్చినవారిలో రాజా దీనదయాళ్ అగ్రగణ్యుడు. 1844లో మీరట్ సమీపాన సర్ధనలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. ఆయన 1905లో గతించాడు. ఆయన గాజు పలకలు రెండు వేలకు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా వున్నవి. ఆయన చిత్రాలలో అనేకం అడుగున సంఖ్య, స్థలనామం కనిపిస్తాయి. కనుకనే అవి వట్టి బొమ్మలు కాక చరిత్రకు సాక్ష్యాలైనవి.

ఈ చరిత్ర క్రమమే అభ్యాస క్రమం కూడా కాదగినది. ఉపాధ్యాయులు ఎండ బాగా వున్న వేళ తరగతి గది తలుపులు, కిటికీలు మూయించి, ఒక అట్టలో బఠానీ గింజంత రంధ్రం చేసి కిటికీకి అమర్చి, ఎదుట తెల్లని బట్ట కట్టవలెను. రంధ్రం చిన్నదయిన కొద్దీ బొమ్మ స్పష్టమై, వెలుగు తగ్గుతుంది. విద్యార్థి దీనిని కన్నులారా చూచినపుడు పుస్తకంలోని సూత్రం దానంతట అదే బోధపడుతుంది.

రెండవ పాఠం పసుపుతో. ఉపాధ్యాయుల సమక్షంలో, నిప్పుకు దూరంగా, పసుపును స్పిరిట్‌లో కలిపి కాగితానికి పూసి, నీడలో ఆరనిచ్చి, దానిమీద ఆకునుంచి, గాజు పలక మూసి, ఎండలో కొన్ని గంటలు ఉంచండి. ఆకు క్రింద పసుపు నిలిచి, చుట్టూ వెలిసిపోతుంది. ఆ బొమ్మను వెలుతురులోనే ఉంచితే అది కూడా క్రమంగా మాయమవుతుంది. వెడ్జ్‌వుడ్ పడిన బాధ ఏమిటో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

ఆ తరువాతనే కెమేరా గాని, చేతిలోని ఫోను గాని పట్టవచ్చు. రంధ్రం ఎంత, అది తెరచి ఉంచిన కాలం ఎంత, వెలుగుకు ఫలకం ఎంత సులభంగా స్పందిస్తుంది అనే మూడే మెలకువలు. బడి ఆవరణలోని ఒకే చెట్టును ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒక్కొక్కసారి మాత్రమే తీసి, నీడలు ఎట్లా మారినవో పోల్చి చూడవలెను. నూరు చిత్రాలు తీయటం కంటె మూడింటిని పరిశీలించటం మేలు.

చివరి పాఠం నిలుపుట. 1975లో స్టీవెన్ సాసన్ నిర్మించిన తొలి డిజిటల్ కెమేరాకు ఒక్క బొమ్మను టేపుమీద నమోదు చేయటానికి 23 సెకన్లు పట్టేది. నేడు రెప్పపాటులో పది తీస్తున్నాము. కాని ఫోను పాడైనపుడు వాటిలో మనకు మిగిలేవి ఎన్ని? పెట్టె అడుగున దొరికిన పాత ఫోటోలో ఎవరున్నారో చెప్పగలవారు ఇంటిలో ఎందరున్నారు? కావున విద్యార్థులు ఈ వేసవిలో ఇంటి పెద్దలను కూర్చోబెట్టుకొని, ప్రతి ఫోటోలోనివారి పేరు, ఊరు, సంవత్సరం అడిగి మెత్తని పెన్సిలుతో వెనుక వ్రాయవలెను. ప్రతులు రెండు చోట్ల దాచవలెను. రూపాన్ని నిలిపే ఉపాయం హెర్షెల్ చూపించాడు. పేరును నిలిపే బాధ్యత మనది.