గింజ ఎందుకు మొలవలేదు? – తులసి, వేప, మెంతులతో ఒక పాఠం



వసంతకాలం వచ్చిందంటే మన తరగతుల్లో పిల్లల చేత తులసి గింజలు వేయించడం మామూలే. కొందరి కప్పుల్లో మొలకలు వస్తాయి. మిగతావాళ్ళు మొహం చిన్నబుచ్చుకుని "నాది రాలేదు టీచర్" అంటారు. లోపం తమదే అనుకుంటారు. అప్పుడు మీరు వాళ్ళకి చెప్పాల్సిన జవాబు కోసమే ఈ వ్యాసం.

ముందుగా పిల్లలకి ఈ మాట చెప్పండి: గింజకి ప్రాణం ఉంది, అది నిద్రపోతోందంతే. లోపల బుల్లి మొక్క, దానికి కాస్త తిండి, చుట్టూ పొట్టు ఉంటాయి. అది మొలవకపోతే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇన్నాళ్ళూ దాన్ని ఎలా దాచారు? నాటాక దానికి ఏం దొరికింది?

దాచిన తీరు

దాచిన గింజకి చెమ్మ, వేడి పడవు. అవి తగిలితే లోపలి శక్తి త్వరగా తరిగిపోతుంది. విత్తన శాస్త్రంలో ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది: దాచే చోట వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గితే గింజ ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. గింజలో తేమ 1 శాతం తగ్గినా అంతే. అందుకే తులసి గింజల్ని స్టవ్ పక్క అలమారలో కాకుండా, బాగా ఆరబెట్టి, గాజు సీసాలో పోసి, గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బయటికి తీసిన వెంటనే మూత తీయకండి. సీసా చల్లదనం పోయేదాకా ఆగకపోతే గింజల మీద చెమ్మ పడుతుంది. మన ఊళ్ళలో విత్తనాలకి బూడిద కలిపి కుండలో దాచేది కూడా చెమ్మ, పురుగు చేరకుండానే.

అయితే అన్ని గింజలూ ఇలా నిలవ ఉండవు. ఉగాదికి పూసిన వేప వానల మొదట్లో పండుతుంది. ఆ గింజని తాజాగా నాటాలి, మామూలుగా దాస్తే కొన్ని వారాల్లోనే మొలిచే శక్తి పోతుంది. కరివేపాకు గింజ ఎండిపోతే ఇక మొలవదు. అమ్మమ్మ ఎంత ప్రేమగా ఏడాదిపాటు దాచినా ఇంతే.

ఇంకో మాట. ఇండియా నుంచి విత్తనాలు తెప్పించమని తల్లిదండ్రులకి చెప్పకండి. అమెరికాలోకి తేవడానికి నిబంధనలున్నాయి, కస్టమ్స్‌లో తప్పకుండా చెప్పాలి. ఇక్కడ కొన్నవే వాడండి.

నాటాక కావలసినవి

నీళ్ళు, గాలి, వెచ్చదనం. తులసికి 70 నుంచి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ బాగుంటుంది. మార్చిలో కిటికీ గట్టు పగలు వెచ్చగా ఉన్నా రాత్రి చల్లబడిపోతుంది, అక్కడ పెట్టకండి. తులసి గింజ చాలా చిన్నది, లోతుగా పాతితే పైకి రావడానికి దాని తిండి చాలదు. మట్టిపైన చల్లి వేలితో మెల్లగా అద్దితే చాలు. నీళ్ళు నిలిస్తే గాలి అందక కుళ్ళిపోతుంది. శంఖపుష్పం గింజకి పొట్టు గట్టిది. గరుకు కాగితంతో కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టి నాటించండి.

తరగతిలో చేయించండి

తులసికి వారం పైనే పట్టొచ్చు, మెంతులైతే రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతాయి. నాలుగు కప్పుల్లో పదేసి మెంతిగింజలు వేయించండి:

1. తడిగుడ్డ మీద, వెచ్చని గదిలో
2. పొడిగుడ్డ మీద, అదే గదిలో
3. తడిగుడ్డ మీద, ఫ్రిజ్‌లో
4. వేయించిన మెంతులు, తడిగుడ్డ మీద, వెచ్చని గదిలో

ఏది మొలుస్తుందో ముందే ఊహించి రాయమనండి. వారం తర్వాత లెక్కపెట్టించండి. పదింటిలో ఏడు మొలిస్తే డెబ్బై శాతం. ఫ్రిజ్ కప్పుని తర్వాత బయటపెట్టి చూడండి: చల్లదనంలో ఆగిన గింజ లేస్తుంది, వేయించిన గింజ లేవదు. ఆగిపోవడం వేరు, చచ్చిపోవడం వేరు అని పిల్లలకి కళ్ళముందే తెలుస్తుంది.

మన పిల్లలకి తడబాటు తెచ్చే "-తే", "-కపోతే" వాక్యాలు ఇక్కడ సులువుగా పలుకుతాయి: "తడి తగిలితే మొలుస్తుంది." "గాలి అందకపోతే కుళ్ళిపోతుంది." ఒక్కొక్కరూ తమ కప్పు గురించి రెండు వాక్యాలు చెప్పాలి.

మొలవని కప్పుని పారేయకండి. ఆ గింజని బయటికి తీసి, ఎండి ఉందా, ఉబ్బి కుళ్ళిందా చూడమనండి. కారణం కనుక్కున్న పిల్లవాడికి కూడా మొలక వచ్చినవాడితో సమానంగా చప్పట్లు కొట్టించండి.