పేరు కదులుతుంది, ఫైలు కదలదు

చొప్పదండిలో పిల్లలకు కంప్యూటర్ పాఠం చెబుతుంటే ఒక అబ్బాయి లేచి అడిగాడు: "సార్, పెండ్లి వీడియోను డెస్క్‌టాప్ మీదికెల్లి ఇంకో ఫోల్డర్ల ఏస్తే రెప్పపాటుల పోయింది. గదే పెన్‌డ్రైవ్‌ల ఏస్తే గింతసేపు ఎందుకు వడ్తుంది? మల్ల పాతది ఆడనే ఎందుకున్నది?" ఫైళ్లు, ఫోల్డర్లు చూపించే ఫైల్ మేనేజర్ మీద మనకుండే చిరాకుల్లో సగం ఈ ప్రశ్నలోనే ఉన్నాయి. దాని జవాబు మాత్రం కంప్యూటర్ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు.

తెర మీది బొమ్మ చూస్తే ఫోల్డర్ లోపల ఫైళ్లు ఉన్నాయనిపిస్తుంది. నిజానికి ఉండవు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్‌నే తీసుకోండి. అందులో ఫోల్డర్ అంటే ఒక పట్టీ. ప్రతి వరుసలో ఒక పేరు, పక్కన ఒక నంబరు. ఆ నంబరు ఐనోడ్ అనే చిన్న నమోదుది. ఫైలు సైజు, యజమాని, తేదీలు, డిస్కులో ఏయే చోట్ల దాని ముక్కలున్నాయో అంతా ఐనోడ్‌లోనే రాసి ఉంటుంది. ఫైలు పేరు మాత్రం అందులో ఉండదు!

భూమి వివరాలు రాసే మన పహాణీ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. పట్టా తండ్రి పేరు నుంచి కొడుకు పేరుకు మారితే సర్వే నంబరు మారదు, భూమి అంగుళం జరగదు. ఒకే డిస్కులో ఫైలును ఈ ఫోల్డర్ నుంచి ఆ ఫోల్డర్‌కు మార్చినప్పుడు జరిగేదీ అదే. ఒక పట్టీలో పేరు రాసి, ఇంకో పట్టీలో కొట్టేస్తారు. ఫైలు ఒక కిలోబైటైనా నాలుగు గిగాబైట్లయినా పని అంతే. పెన్‌డ్రైవ్ సంగతి వేరు. అది వేరే ఊరు, దాని నంబర్లు దానివే. అక్కడికి పేరు పంపితే చాలదు, ఫైలులోని ప్రతి బైటునూ మోసుకుపోయి కొత్తగా రాయాలి. అందుకే ఆలస్యం.

ఇక పాతది అక్కడే ఎందుకుందంటే, మౌస్‌తో లాగినప్పుడు విండోస్ వేరే డ్రైవ్‌కైతే నకలు తీస్తుంది, అదే డ్రైవ్‌లోనైతే జరుపుతుంది. చేతి కదలిక ఒక్కటే, ఫలితాలు రెండు. లోపలి కారణాన్ని చూపకుండా ఫలితాన్ని మాత్రం మన మీద పడేస్తే గందరగోళం కాక ఏమవుతుంది? అందుకే మౌస్ కుడి బటన్‌తో లాగండి. వదిలిన చోట నకలా, జరపడమా అని అదే అడుగుతుంది.

ఈ నిజాన్ని దాచని ఫైల్ మేనేజర్ ఒకటుండేది. 1986లో జాన్ సోషా రాసిన నార్టన్ కమాండర్. నీలి తెర మీద పక్కపక్కన రెండు పట్టీలు. ఎక్కడి నుంచి, ఎక్కడికి, రెండూ కళ్ల ముందే. ఎఫ్5 నొక్కితే నకలు. పేరు మార్చడానికీ, చోటు మార్చడానికీ కలిపి ఒకటే మీట, ఎఫ్6. రెండూ పట్టీలో రాత మార్చడమేనని ఆ ఒక్క మీటే చెబుతుంది. తర్వాత మెకింటాష్ ఫైండర్ దారిలోనే విండోస్ 95 ఎక్స్‌ప్లోరర్ కూడా వచ్చింది. బొమ్మలు గెలిచాయి, పట్టీ మరుగున పడింది.

దాంతో మనం కోల్పోయిన పెద్ద సౌకర్యం ఒకటుంది. పట్టాలో ఇద్దరి పేర్లు ఉండొచ్చు కదా, ఒకే నంబరుకు రెండు పేర్లు ఎందుకు ఉండకూడదు? యూనిక్స్‌లో ఉండొచ్చు. దాన్ని హార్డ్‌లింక్ అంటారు. ఎన్ని పేర్లున్నాయో ఐనోడ్ లెక్కపెట్టుకుంటుంది. ఒక పేరు తీసేస్తే ఫైలు పోదు. లెక్క సున్నా అయ్యాకే, అదీ ఏ ప్రోగ్రామూ దాన్ని వాడనప్పుడే, ఆ చోటు ఖాళీ అవుతుంది. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కుల్లోనూ ఇది సాధ్యమే. పెన్‌డ్రైవ్‌లలో కనిపించే ఫ్యాట్ పద్ధతిలో మాత్రం ఫైలు వివరాలు పేరున్న వరుసలోనే ఉంటాయి కాబట్టి కుదరదు.

తెలుగువాళ్లకు ఇది ఎంత పనికొస్తుందో చూడండి. లైనక్స్‌లో సాధారణంగా వాడే ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. 'చొప్పదండి' మనకు నాలుగక్షరాలే. యూనికోడ్‌లో తొమ్మిది సంకేతాలు, ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 27 బైట్లు. పొడవాటి తెలుగు పేరు హద్దు దాటితే కంప్యూటర్ కాదంటుంది. టైపు చేస్తుండగానే ఎంత చోటు మిగిలిందో ఫైల్ మేనేజర్ చూపించాలి. అదే ఫైలుకు తెలుగులో ఒక పేరు, ఇంగ్లీషులో ఒక పేరు పెట్టుకోవడానికి బటన్ ఇవ్వాలి. ఒక్క ఫోటో 'పెండ్లి' ఫోల్డర్‌లోనూ 'అమ్మమ్మ' ఫోల్డర్‌లోనూ ఉండాలి, డిస్కులో ఒకే చోటు తీసుకోవాలి. చెరిపేటప్పుడు "ఇంకో పేరు మిగిలే ఉంది" అని చెప్పాలి. కొన్ని ప్రోగ్రాములు సేవ్ చేసేటప్పుడు కొత్త ఫైలు రాసి పాతదాని పేరు దానికి పెడతాయి. అప్పుడు రెండు పేర్లు విడిపోతాయి, ఆ సంగతీ మనకు తెలియజేయాలి.

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. లైనక్స్ టెర్మినల్‌లో 'ఎల్ఎన్' ఆదేశంతో ఒక ఫైలుకు రెండో పేరు పెట్టి, 'ఎల్ఎస్ -ఐ' కొట్టి చూడండి. రెండు పేర్ల ముందూ ఒకే నంబరు కనిపిస్తుంది. ఆ నంబరు చూసిన పిల్లవాడికి ఫోల్డర్ గురించి వేరే పాఠం అక్కర్లేదు. అది ఆదేశాలు తెలిసిన కొద్దిమందికే కాదు, మౌస్ పట్టుకున్న ప్రతివాళ్లకూ కనిపించాలి.