మోవానా రెండో భాగం లెక్కలు, మన వాంకూవర్ ఉద్యోగాలు

(కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన కార్యక్రమం అయ్యాక సర్రే నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "అన్నయ్యగారూ, మా అమ్మాయి పన్నెండో తరగతి. యానిమేషన్ చదువుతానని పట్టుబట్టి కూర్చుంది. వాళ్ళ నాన్నగారేమో కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకోటి వద్దంటున్నారు. ‘మోవానా 2’ మన వాంకూవర్‌లోనే చేశారట, వంద కోట్ల డాలర్లు దాటిందట. అంత డబ్బొచ్చే చోట ఉద్యోగాలకి ఢోకా ఉండదు కదండీ?" అని అడిగారు. అవునని గానీ కాదని గానీ వెంటనే చెప్పలేకపోయాను. "ఒక వారం టైమివ్వండమ్మా, రేడియోలోనే చెప్తాను" అన్నాను. ఇవాళ్టి మాటలు ఆవిడ కోసం. అలాంటి పిల్లలున్న మిగతా ఇళ్ళ కోసం కూడా.

ముందు డబ్బు లెక్క చూద్దాం. ‘మోవానా 2’ 2024 నవంబర్ 27న విడుదలైంది. అది అమెరికా వాళ్ళ థాంక్స్‌గివింగ్ వారం. మొదటి ఐదు రోజుల్లో 22 కోట్ల 50 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ పండగ వారానికి అంతకు ముందు ఏ సినిమాకీ అంత రాలేదు. మన కెనడాలో థాంక్స్‌గివింగ్ అక్టోబర్‌లోనే అయిపోయింది, ఆ వారం పిల్లలకి బడి ఉంది. అయినా మనం కొన్న టికెట్లూ ఆ మొత్తంలోనే కలిశాయి. హాలీవుడ్ పద్దులో అమెరికా, కెనడా రెండూ కలిపి సొంత మార్కెట్టే. తమాషా ఏమిటంటే, అదే థియేటర్లో అదే కుర్చీలో కూర్చుని తెలుగు సినిమా చూస్తే, ఆ నిర్మాత పద్దులో మనం ‘ఓవర్సీస్’!

ప్రపంచం మొత్తం మీద ఈ సినిమాకి 105 కోట్ల డాలర్లకి పైగా వచ్చాయి. 2016లో వచ్చిన మొదటి భాగానికి వచ్చింది సుమారు 64 కోట్లు. అయితే ఇదంతా గ్రాస్. గ్రాస్ వేరు, షేర్ వేరు అని తెలుగు సినిమా అభిమానులకి ఒకరు చెప్పక్కర్లేదు. టికెట్ డబ్బులో సుమారు సగం థియేటర్ల వాళ్ళకి పోతుంది. మిగిలిన దాంట్లోంచి 15 కోట్ల నిర్మాణ ఖర్చు, ఆ పైన ప్రచారం ఖర్చు తీసెయ్యాలి. అన్నీ తీసినా మంచి లాభమే. అందులో సందేహం లేదు.

మరి మొదటి దానికంటే రెండోదానికి అంత ఎక్కువ ఎలా వచ్చింది? దీని జవాబు థియేటర్లో లేదు, మన ఇళ్ళల్లో ఉంది. అమెరికా ఇళ్ళల్లో ఇంటర్నెట్ ద్వారా ఏ సినిమా ఎన్ని నిమిషాలు చూశారో నీల్సన్ సంస్థ లెక్క కడుతుంది. 2023లో అన్నిటికంటే ఎక్కువ చూసిన సినిమా ‘మోవానా’ మొదటి భాగమే. 1,160 కోట్ల నిమిషాలు! అప్పటికి సినిమా వచ్చి ఏడేళ్ళయింది. మా ఇంట్లోనూ అంతే. అన్నం తినేటప్పుడు అదే, వర్షం పడితే అదే. వాంకూవర్‌లో వర్షం ఎన్ని రోజులు పడుతుందో మీకు తెలుసు. ఇలా ఏళ్ళ తరబడి ఇంట్లో చూసిన పిల్లలే 2024లో అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని హాలుకి వెళ్ళారు. అంటే రెండో భాగం కలెక్షన్ చాలావరకు మొదటి భాగం సంపాదించి పెట్టిన ఆస్తి.

అసలు ఇది సినిమాగా పుట్టలేదు. డిస్నీ వాళ్ళు 2020 డిసెంబర్‌లో దీన్ని ఇంటర్నెట్ సీరియల్‌గా ప్రకటించారు. ఇలాంటి సీరియళ్ళ కోసమే వాంకూవర్‌లో కొత్త స్టూడియో పెడుతున్నామని 2021లో చెప్పారు. పని సగంలో ఉండగా 2024 ఫిబ్రవరిలో కంపెనీ పెద్ద బాబ్ ఐగర్, ఇది సీరియల్ కాదు, థియేటర్ సినిమా అని ప్రకటించారు. అలా ప్రధానంగా వాంకూవర్‌లో, కాలిఫోర్నియా బర్బాంక్ వాళ్ళతో కలిసి, ఇది తయారైంది. ఇలాంటిది కొత్త కాదు. ముప్ఫై ఏళ్ళ కింద ‘అల్లాద్దీన్’ టీవీ సీరియల్ కోసం మొదలుపెట్టిన కథే 1994లో ‘రిటర్న్ ఆఫ్ జాఫర్’ అని వీడియో క్యాసెట్‌గా వచ్చి, కోటికి పైగా క్యాసెట్లు అమ్ముడైంది.

సీరియల్‌ని సినిమా చేస్తే అతుకులు కనబడతాయి. విమర్శకులు అదే అన్నారు. కథ ఎపిసోడ్లు ఎపిసోడ్లుగా నడిచిందన్నారు. మొదటి భాగం పాటల్లో పెద్ద చెయ్యి లిన్-మాన్యుయెల్ మిరాండాది. రెండోదానికి ఆయన లేరు, ఆ లోటు తెలిసిందన్నారు. 2025 ఆస్కార్ యానిమేషన్ విభాగంలో దీనికి నామినేషన్ కూడా రాలేదు. థియేటర్ బయట ప్రేక్షకుల్ని అడిగి మార్కులు వేసే సినిమాస్కోర్‌లో మాత్రం ఏ మైనస్ వచ్చింది. మా చిన్నదాన్ని అడిగితే "మొదటిదే బాగుంది నాన్నా, కానీ ఇదీ మళ్ళీ చూద్దాం" అంది. ఆ లెక్కలన్నిటి సారాంశం ఇదే అనిపించింది.

ఇప్పుడు ఆవిడ అడిగిన ప్రశ్నకి వద్దాం. సినిమా విడుదలైన నాలుగో నెలలో, 2025 మార్చిలో, డిస్నీ యానిమేషన్ వాళ్ళు ఇంటర్నెట్ కోసం పెద్ద సీరియళ్ళు తియ్యడం మానుకుంటున్నామన్నారు. ‘టియానా’ అనే సీరియల్ ఆపేశారు. వాంకూవర్ స్టూడియోలో కొంతమందికి ఉద్యోగాలు పోయాయి. వంద కోట్లు దాటిన సినిమా చేసిన చోటే! ఎందుకంటే, సినిమా గెలిచింది కానీ ఆ స్టూడియో పెట్టిన ఉద్దేశం మారిపోయింది. కలెక్షన్ గడిచిన పని గురించి చెబుతుంది. ఉద్యోగం రాబోయే పని మీద ఆధారపడుతుంది.

వెనక్కి చూస్తే ఇది మూడోసారి. 1996లో డిస్నీ వాళ్ళు టొరంటోలో, వాంకూవర్‌లో స్టూడియోలు తెరిచి, ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’కి వీడియో కొనసాగింపు చేయించారు. 2000లో మూసేశారు. 2010లో పిక్సార్ వాంకూవర్‌కి వచ్చింది, 2013లో వెళ్ళిపోయింది. ఇది ఒక్క డిస్నీ కథే కాదు. రిథమ్ అండ్ హ్యూస్ అనే కంపెనీకి మన హైదరాబాద్‌లోనూ, ఇక్కడ వాంకూవర్‌లోనూ స్టూడియోలుండేవి. 2013 ఫిబ్రవరిలో ‘లైఫ్ ఆఫ్ పై’ గ్రాఫిక్స్‌కి వాళ్ళకి ఆస్కార్ వచ్చింది. ఆ నెలలోనే కంపెనీ దివాలా పిటిషన్ కూడా వేసింది.

మరి మళ్ళీ మళ్ళీ ఇక్కడికే ఎందుకొస్తారు? మనుషుల నైపుణ్యం ఒకటి, పన్ను రాయితీ రెండోది. ఇక్కడి ఉద్యోగులకిచ్చే జీతాల్లో 16 శాతం ఫెడరల్ ప్రభుత్వం వెనక్కిస్తుంది. యానిమేషన్, గ్రాఫిక్స్ పనికి బ్రిటిష్ కొలంబియా ఇంకో 16 శాతం ఇస్తుంది. దానితోపాటు ఈ రాష్ట్రం ఇచ్చే మామూలు రాయితీ 28 శాతం ఉండేది, 2025 నుంచి మొదలయ్యే సినిమాలకి దాన్ని 36 చేశారు. ఇదంతా మనం కట్టే పన్నుల్లోంచే. మనం టికెట్ కొనక ముందే ఇలాంటి సినిమాల్లో మన వాటా ఉందన్నమాట.

మా బేస్‌మెంట్‌లో కొన్నాళ్ళు అద్దెకున్న తెనాలి కుర్రాడొకడు ఇక్కడే ఒక స్టూడియోలో రెండేళ్ళు పనిచేశాడు. వాడు చేసిన సినిమా విడుదలైతే మమ్మల్నందర్నీ తీసుకెళ్ళాడు. చివర్లో పేర్లు పడుతుంటే లేచి నిలబడి తన పేరుకి ఫోటో తీసి వాళ్ళమ్మకి పంపాడు. అప్పటికి కాంట్రాక్టు అయిపోయి రెండు నెలలు. ఆ సంగతి వాళ్ళమ్మకి మాత్రం చెప్పలేదు.

అయితే అమ్మాయిని ఆపమంటారా అని అడగకండి. నేను ఆపమనను. లాట్వియా దేశపు ‘ఫ్లో’ అనే సినిమా, ఎవరైనా ఉచితంగా దింపుకోగల బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో చేసినది, 2025లో ఆ ఆస్కార్ తీసుకుంది. అమ్మాయిని ఈ రోజు నుంచే అది నేర్చుకోనివ్వండి. వాళ్ళ నాన్నగారికి కూడా ఒక మాట: మోవానాలో సముద్రం అలా కదలాలంటే ఫిజిక్స్ కావాలి, ప్రోగ్రామింగ్ కావాలి. రెండూ తెలిసినవాళ్ళు కావాలి. మీ ఇద్దరి పంతాలూ ఒకే చోట కలిసే దారి అది. కాలేజీకి వెళ్ళినప్పుడు మాత్రం ఏ సినిమాకి ఎన్ని కోట్లొచ్చాయని అడగకండి. ఇక్కడ చదివినవాళ్ళకి కాంట్రాక్టులు ఎన్ని నెలలుంటున్నాయి, ఒకటయ్యాక ఇంకోటి దొరకడానికి ఎంత కాలం పడుతోంది అని అడగండి. ఖాళీ నెలలకి ఇంట్లో కొంచెం డబ్బు దాచుకోవడం కూడా ఈ వృత్తిలో చదువే.

ఈసారి పిల్లల్ని బొమ్మల సినిమాకి తీసుకెళ్తే, చివరి పేర్లు అయిపోయేదాకా కూర్చోండి. వాటిల్లో మనవాళ్ళ పేర్లు కూడా కనబడతాయి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.