ఒక కోడిపుంజు – మూడు రోజుల కూరలు



2025వ సంవత్సరం ఆగస్టు 15 శుక్రవారం వచ్చింది. 16 కృష్ణాష్టమి, 17 ఆదివారం. మూడు రోజులు వరసగా సెలవు. జెండా ఎగరేసి, చాక్లెట్లు తీసుకుని ఎవరి ఊరికి వాళ్ళం పోయాము. తిరిగి వచ్చాక "ఇంటికాడ ఏటి తిన్నావే" అని డార్మిటరీలో అందరూ అడిగారు. కోడికూర అన్నాను. మూడు రోజులూనా అని నవ్వారు. అవును, మూడు రోజులూ కోడికూరే. కాని కోడి ఒక్కటే. తినేవాళ్ళం ఆరుగురం: అయ్య, అమ్మ, మామ్మ, నేను, ఇద్దరు తమ్ముళ్ళు. మా ఇంట్లో ఫ్రిజ్జు లేదు. మరి ఎలా సరిపోయింది, ఎలా పాడవలేదు అన్నది ఈ వ్యాసములో రాస్తున్నాను.

నేను వెళ్ళేసరికి పుంజు గంప కింద ఉంది. ఎర్రది, రెండు కేజీల దాకా తూగుతాది. నాటు పుంజు అంత బరువు రావాలంటే ఆరు నెలల పైనే పడుతుంది. బ్రాయిలర్ అయితే ఆరు వారాలకే అంతవుతుంది. అందుకే నాటుకోడి మాంసం గట్టిగా ఉండి ఉడకడానికి ఆలస్యం అవుతుంది. కోసి, ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి కడిగాక మాంసం కేజీ పైన కొంచెం వచ్చింది.

అమ్మ దానిని నాలుగు వాటాలు వేసింది. ఏది ముందు పాడవుతుందో అది ముందు వండాలి, అదే లెక్క. కార్జం, కందనకాయ, గుండె అన్నిటికన్నా ముందు పాడవుతాయి. కాబట్టి అవి ఆ మధ్యాహ్నమే వండీసింది. కందనకాయ లోపలి పసుపుపచ్చ పొర వలిచీయాలి, లేకపోతే ఇసుక, రాళ్ళు పంటికి తగులుతాయి. వలిసెల నూనె కొంచెం వేసి, దంచిన మిరియాలు, ఉప్పు వేసి వేపింది. మిరియాలు మా కాఫీ తోటవే. కాఫీకి నీడ ఇచ్చే సిల్వర్ ఓక్ చెట్లకు ఆ తీగ పాకిస్తాము. చోళ్ళ అంబలి తాగుతూ తలా రెండు ముక్కలు నంజుకున్నాము. కార్జం మాత్రం చిన్న తమ్ముడు ఒక్కడే తినీసాడు.

ఆ రాత్రి బొంగులో కోడి. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అరకు రోడ్డు మీద టూరిస్టులకు అమ్మేది చూసి అది హోటలు వంట అనుకునేవాళ్ళు ఉన్నారు. గిన్నె లేని చోట, అడవిలోకి పోయినప్పుడు మా పెద్దవాళ్ళు ఇలాగే వండుకునేవారని మామ్మ చెప్పింది. బొంగు పచ్చిగా, లేతగా ఉండాలి. పచ్చి వెదురులో నీరు ఉంటుంది, అందుకని పైన మాడినా లోపల మంట అంటుకోదు. ఆ నీటి ఆవిరికీ, మాంసంలోంచి ఊరిన నీటికీ ముక్క ఉడుకుతుంది. నూనె అక్కరలేదు. పోయిన ఏడాది నేను తెలివి తక్కువగా ఎండు బొంగు తెచ్చాను. అది చీలిపోయి రసమంతా బూడిదలో పడింది. "బొంగు ఎంచడం రానిదానివి, బడిలో ఏటి చదువుతున్నావే గుంటా" అని మామ్మ తిట్టింది.

ఈసారి మామ్మే ఎంచింది. రెండు అడుగుల ముక్క, ఒక వైపు కణుపు ఉంచి రెండో వైపు తెరిచి నరికింది. ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, అల్లం, వెల్లుల్లి పట్టించి గంటసేపు ఉంచాము. బొంగు నిండా కూరకూడదు, పైన బెత్తెడు ఖాళీ వదలాలి. మూతికి అడ్డాకులు మడిచి పెట్టాలి, మరీ బిగించకూడదు. ఆవిరి బయటికి పోకపోతే పగులుతుంది. తరవాత నిప్పుల మీద ఏటవాలుగా ఆనించి తిప్పుతూ ఉండాలి. ముందు మూతి దగ్గర నురగ వస్తుంది. నురగ ఆగి, మంచి వాసన వచ్చి, బొంగు నల్లబడితే దగ్గర పడినట్టు. బ్రాయిలర్ ముప్పావు గంటలో అయిపోతుంది గాని మా పుంజుకు గంటన్నర పట్టింది. ఇంకొక కారణం కూడా ఉంది. పొయ్యి పైన మా కప్పు కారుతుంది. వాన గట్టిగా కొట్టినప్పుడల్లా నిప్పుల మీద చుక్కలు పడి చుయ్ మంటున్నాయి. అయ్య పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు.

బొంగులోది ఆ పూటే తినీయాలి, దాచకూడదు. మిగిలిన వాటాలలో ఒకదానిని అమ్మ రాత్రే ఉప్పు, పసుపు వేసి ఉడికించి ఉంచింది. పచ్చి మాంసం తెల్లారేదాకా ఉంచితే కంపు వస్తుంది. ఎముకలు, మెడ, కాళ్ళ ముక్కలకు ఉప్పు బాగా పట్టించి, తీగకు గుచ్చి పొయ్యి మీద పొగ తగిలేటట్టు కట్టింది, కారని వైపు చూసి.

శనివారం పొద్దున్నే ఉడికించిన మాంసాన్ని మళ్ళీ ఒక పొంగు రానిచ్చింది. దానితో వెదురు కొమ్ముల పులుసు. వానాకాలంలో భూమిలోంచి వచ్చే లేత మొలకలే వెదురు కొమ్ములు. పై పొరలు వలిచి సన్నగా తరిగి, రాత్రంతా నీళ్ళలో వేసి, పొద్దున ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. మళ్ళీ నీళ్ళు పోసి ఉడికించి అవి కూడా పారబోయాలి. పచ్చి కొమ్ములో చేదు, విషం ఉంటాయి. ఆ నీళ్ళతోనే కూర వండితే కడుపుకు చెడు చేస్తుంది. చింతపండు పులుసు పోసి ముక్కలు, కొమ్ములు కలిపి ఉడికిస్తే ఏది ముక్కో ఏది కొమ్మో తెలీదు. గిన్నె నిండా కూర అయింది. సామల అన్నంలో రెండు పూటలా తిన్నాము. సాయంత్రం తినేముందు కూడా ఒక పొంగు రప్పించింది.

కొమ్ములు వలుస్తున్నప్పుడే మామ్మ చెప్పీసింది. ఆ పుంజు శుక్రవారం సంతకు పోవలసినదట. దాన్ని అమ్మి కప్పు మీద వెయ్యడానికి పరదా కొనాలని అనుకున్నారట. నేను వస్తున్నానని అమ్మ గంప తియ్యనివ్వలేదట. ఇంకొక పుంజు ఉంటే ఇబ్బంది లేదు. వేసవిలో కొక్కెర తెగులు వచ్చి మా పద్నాలుగు కోళ్ళలో పదకొండు చచ్చిపోయాయి. దీన్నే రాణిఖేత్ అంటారు, అది ఉత్తరాఖండ్‌లోని ఊరు పేరు. వచ్చాక మందు లేదు, ముందే టీకా వేయించాలి.

నాకు అన్నం దిగలేదు. ఎందుకు కోసావు, నాకు చెప్పొచ్చు కదా అని అమ్మను అడిగాను. "పుంజు మళ్ళీ పెరుగుద్ది. నువ్వు మళ్ళీ దసరాకు గాని రావు. తిను" అంది. ఇంకేమీ మాట్లాడలేదు. నేను తిన్నాను.

ఆదివారం పొగ తగిలిన ఎముకలు దించాము. అవి గట్టిబడి నల్లగా ఉన్నాయి. వేడి నీళ్ళలో కడిగి, ముందు రాత్రి నానబెట్టిన రాజ్మా గింజలతో కలిపి ఉడికించాము. రాజ్మా పలుకు లేకుండా బాగా తెర్లాలి, సగం ఉడికినవి తింటే వాంతులు అవుతాయి. మాంసం అసలు లేదనే చెప్పాలి, పొగ వాసన మాత్రమే. కాని నన్ను అడిగితే మూడు కూరలలో ఇదే మొదటిది. ఎముకలు కొరికి కొరికి కుక్కకు వేశాము. అదీ పెద్ద సంతోషపడినట్టు లేదు.

ఆ రోజే ఒక పెట్ట తొమ్మిది గుడ్ల మీద పొదుగుకు కూచుంది. పొదగడానికి 21 రోజులు పడుతుంది. పిల్లలు లేచాక వారం రోజుల లోపల కంట్లో, ముక్కులో టీకా చుక్కలు వేయించాలి, ఎనిమిది వారాలకు సూది వేయించాలి. అమ్మకు అంకెలు చదవడం రాదు. అందుకని పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో 21 గీతలు గీసి, కింద ఇంకొక 7 గీతలు గీశాను. రోజుకొకటి చెరపమని చెప్పాను. చుక్కలు కారని వైపు చూసే గీశాను.