జ్వరం చూసే పద్ధతి

మన హాస్టల్లో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే పక్క మంచం వాడు నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాడు. ఎండలోంచి వచ్చిన చెయ్యే కాలుతుంటుంది, దానికేం తెలుస్తుంది! ఒకసారి మేమూ అలాగే చూసి ఒక తమ్ముడితో "ఏం లేదు, పడుకో" అన్నాం. రాత్రి థర్మామీటరు పెడితే 103 డిగ్రీలు.

పాదరసం థర్మామీటరులో బల్బు పైన గొట్టం సన్నగా నొక్కినట్టు ఉంటుంది. అందుకే ఎక్కిన పాదరసం తనంతట దిగదు, 95 కిందికి వచ్చేదాకా విదిలించాలి. ఆర్మూరు ఎండ 42 సెల్సియస్ అయిన రోజున అది దాదాపు 108 ఫారెన్‌హీట్. రేకు పెట్టెలో దాచిన థర్మామీటరు ఎవరికీ పెట్టకముందే జ్వరం చూపిస్తుంది! చన్నీళ్ళలో ముంచి విదిలించాలి. వేడినీళ్ళలో కడిగితే పగలవచ్చు. చిందిన పాదరసాన్ని చేత్తో ముట్టరాదు.

చాయ్ తాగితే అరగంట ఆగి, నాలుక కింద 3 నిమిషాలు పెట్టాలి. చంకలో అయితే చెమట తుడిచి 5 నిమిషాలు. అక్కడ సుమారు ఒక డిగ్రీ తక్కువే చూపుతుంది. డిజిటల్‌ది బీప్ వచ్చేదాకా తీయరాదు. నోట్లో 100.4 చేరితే జ్వరమే. అంకె పక్కన వేళ కూడా రాసి, ఆ చీటీ దవాఖానకు పట్టుకెళ్ళాలి.

ఆ తమ్ముడి చీటీలో రాత్రి అంకె ఒక్కటే ఉంది. "పొద్దున ఎంత ఉండె?" అని డాక్టరు అడిగితే ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.